కలబంద: నమ్మకము, పరీక్ష, ప్రయోజనము

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భమున, తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ పాఠశాల డెబ్బది అయిదేండ్ల చరిత్రను మీకు వివరించుటకు నాకంటె అర్హులైన పెద్దలు వేదికపై ఉన్నారు. కార్యవర్గంవారు నన్ను కోరినది వేరు. "పూర్వ విద్యార్థులు మరల ఒకసారి తరగతిలో కూర్చున్నట్లుగా ఒక విజ్ఞానశాస్త్ర పాఠం చెప్పండి, తల్లిదండ్రులకు కూడా ఉపయోగపడేలా ఉండాలి" అని వారన్నారు. అందుకని మనందరి ఇండ్లలో ఉన్న ఒక మొక్కను ఎంచుకొన్నాను. అది కలబంద.

మన షోలాపురంలో కలబంద లేని వీధి లేదు. సాంచెల కార్ఖానాల ప్రక్కన పగిలిన కుండీలలో అది పెరుగుతుంది. తాతల నాడు తెలంగాణ పల్లెల నుండి మగ్గాలతో ఇక్కడకు వచ్చిన మన కుటుంబాలు దిష్టి తగలకుండా దానిని గుమ్మానికి తలక్రిందులుగా వ్రేలాడగట్టే ఆచారాన్ని కూడా వెంట తెచ్చుకొన్నాయి. మరాఠీ ఇరుగుపొరుగువారు దీనిని 'కోరఫడ్' అంటారు. కన్నడిగులకు ఇది 'లోళెసర'. సంస్కృతంలో 'కుమారి', 'ఘృతకుమారి'. ఎన్ని పేర్లున్నా మొక్క ఒక్కటే. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు అలో వేరా.

ఇటీవల ఈ మొక్క కుండీ నుండి సీసాలోకి ఎక్కినది. మందుల దుకాణంలో కలబంద రసం, కిరాణా దుకాణంలో కలబంద సబ్బు, టెలివిజన్‌లో కలబంద ప్రకటన. చక్కెర వ్యాధి తగ్గుతుందని ఒకరు, క్యాన్సర్ కూడా నయమవుతుందని ఇంకొకరు చెప్పుచున్నారు. తల్లిదండ్రుల సమావేశాలలో, "మాస్టరమ్మగారూ, కలబంద రసం త్రాగుతూ చక్కెర మాత్రలు మానివేయవచ్చునా?" అని నన్ను అడిగినవారు ఒకరిద్దరు కాదు. నేను వైద్యురాలిని కాను. అయితే ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఏ విధంగా సమాధానం వెదికినదో, ఏమి కనుగొన్నదో చెప్పుట విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయిని బాధ్యత అని భావిస్తున్నాను.

మొదట మొక్కను చూద్దాము. గుమ్మానికి వ్రేలాడదీసిన కలబంద మన్ను లేక, నీరు లేక నెలల తరబడి పచ్చగా ఉంటుంది. కొన్నిసార్లు క్రొత్త ఆకు కూడా తొడుగుతుంది. దీనిలో మహిమ ఏమీ లేదు, అయినా ఆశ్చర్యం ఉన్నది. సాధారణంగా మొక్కలు పగటివేళ పత్రరంధ్రాలను తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటాయి. అప్పుడే వాటిలోని నీరు ఆవిరై పోతుంది. కలబంద ఎడారి ప్రాంతపు మొక్క. దాని పుట్టినిల్లు అరేబియా ద్వీపకల్పమని నేటి వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయం. ఎండలో రంధ్రాలు తెరిస్తే అక్కడ బ్రతుకు లేదు. అందుచేత అది పగలు రంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లబడిన తరువాత తెరుస్తుంది. రాత్రి పీల్చిన వాయువును మాలిక్ ఆమ్లం రూపంలో దాచుకొని, తెల్లవారిన తరువాత సూర్యకాంతిలో ఆహారంగా మార్చుకొంటుంది.

ఈ విద్య కలబంద ఒక్కదానికే తెలిసినది కాదు. మన పెరడులోని రణపాల ఆకు కూడా ఇట్లే చేస్తుంది. సామర్లకోటలోని ఉద్యానవనాన్ని కొంతకాలం పర్యవేక్షించిన బెంజమిన్ హేన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, రణపాల ఆకు ఉదయం పుల్లగాను, మధ్యాహ్నానికి రుచి లేకుండాను ఉంటుందని గమనించి వ్రాసిన లేఖను లండన్‌లోని లిన్నేయన్ సంఘం 1815లో ప్రచురించినది. ఒక ఆకును రెండు పూటలా నమిలి చూచుటతో మొదలైన ఆ విషయం నేడు కళాశాల పాఠ్యాంశమైనది. మన ఎనిమిదవ తరగతి పిల్లలు కూడా తెల్లవారుజామున ఒకటి, సాయంకాలం ఒకటి రణపాల ఆకులు కోసి, నూరి, ఆమ్లత్వాన్ని తెలుపు రంగు కాగితంతో పరీక్షించి చూచినారు. ఉదయపు రసమే పులుపు అని కాగితం చెప్పినప్పుడు వారి ముఖాలలో కనిపించిన సంతోషం నాకు ఇంకను గుర్తున్నది.

ఇక కలబంద ఆకును కోసి చూద్దాము. ఇక్కడే నేటి పాఠంలోని ముఖ్య విషయం ఉన్నది. కోసిన ఆకును వాలుగా నిలబెట్టితే మొదట పసుపుపచ్చని ద్రవం కారుతుంది. అది మిక్కిలి చేదు. ఆకు తొక్కకు ఆనుకొని ఉన్న సన్నని నాళాలలో అది ఉంటుంది. తొక్కను ఒలిచితే లోపల అద్దమువలె తెల్లని గుజ్జు కనిపిస్తుంది. దానికి దాదాపు రుచి లేదు. అందులో నూటికి 98 వంతులకు పైగా నీరే. మిగిలిన కొద్ది భాగంలో చక్కెర అణువులు గొలుసులుగా అల్లుకొన్న పదార్థాలు ముఖ్యమైనవి. అసిమన్నాన్ అనునది వాటిలో ఒకటి. గుజ్జుకు జిగురుదనం ఇచ్చేవి ఇవే.

పసుపు ద్రవంలోని ప్రధాన రసాయనం అలోయిన్. దీనిని 1851లో ఎడింబరోలోని స్మిత్ సోదరులు శుద్ధరూపంలో వేరుచేసినారు. ఈ ద్రవాన్ని కాచి ఎండబెట్టగా వచ్చే నల్లని గడ్డయే ముసాంబరం. బిడ్డకు పాలు మాన్పించుటకు మన అమ్మమ్మలు చన్నులకు రాసుకొన్నది ఈ చేదునే. ఒకే ఆకులో వేలెడు దూరాన ఉన్న ఈ రెండు పదార్థాలు గుణంలో ఒకదానికొకటి పోలిక లేనివి. "కలబంద మంచిదా చెడ్డదా" అని అడిగినవారిని, "ఏ కలబంద? గుజ్జా, పసుపు రసమా? పూతకా, త్రాగుటకా?" అని తిరిగి అడుగవలసి ఉన్నది.

ప్రాచీనులు ఎక్కువగా వాడినది ఏది? ప్రపంచ వాణిజ్యంలో వందల ఏండ్లు తిరిగినది ముసాంబరమే. ఎండిన గడ్డ గనుక అది చెడిపోదు, ఓడలలో పంపుటకు వీలు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ దీని గుణాలను వ్రాసినాడు. సొకోత్రా ద్వీపం నుండి, తరువాత వెస్టిండీస్‌లోని బార్బడోస్, కురసావ్ దీవుల నుండి అది ఐరోపా మందుల అంగళ్ళకు చేరినది. మన దేశంలో సౌరాష్ట్ర తీరపు జాఫరాబాద్ రేవు పేరుతో ఒక రకం ముసాంబరం ప్రసిద్ధి. ఆయుర్వేదంలో 16వ శతాబ్దపు భావప్రకాశ నిఘంటువు 'కుమారి'ని పేర్కొన్నది. కుమార్యాసవం నేటికీ వైద్యులు ఇచ్చే మందు. గుజ్జు మాత్రం కోసిన కొద్దిసేపటికే చెడుతుంది గనుక ఇంటి పెరటి వైద్యంగానే నిలిచినది.

ఆ గుజ్జు ఆధునిక వైద్యుల దృష్టికి వచ్చిన కథ వినదగినది. 1930ల నాటికి ఎక్స్-కిరణాల వాడకం పెరిగినది. ఆ కిరణాల మోతాదు ఎక్కువైనచోట చర్మం కాలి, మానని పుండ్లు పడేవి. 1935లో కాలిన్స్ అను ఇంటిపేరు గల ఇద్దరు అమెరికా వైద్యులు, ఇటువంటి పుండుతో బాధపడుతున్న ఒక స్త్రీకి తాజా కలబంద ఆకు వేసి కట్టగా మంట, దురద తగ్గి చర్మం మానినదని వైద్య పత్రికలో ప్రకటించినారు. ఒక్క రోగి, ఒక్క అనుభవం. అయినా ఆశ కలిగినది. తరువాత మరికొందరు వైద్యులు ఇటువంటి అనుభవాలే వ్రాసినారు. 1953లో అమెరికాలోని లాస్ అలమోస్‌కు చెందిన శాస్త్రజ్ఞులు కుందేళ్ళ చర్మాన్ని బీటా కిరణాలకు గురిచేసి, కలబంద పూసినచోట పుండు త్వరగా మానుచున్నదని కనుగొన్నారు.

ఇంతవరకు విన్నవారు, "ఇక నిరూపణ అయినట్లే కదా" అని అనుకొనవచ్చును. వైద్యశాస్త్రం అక్కడ ఆగలేదు. క్యాన్సర్‌కు కిరణచికిత్స పొందే స్త్రీల చర్మాన్ని కలబంద గుజ్జు కాపాడుతుందా అను ప్రశ్నను అమెరికాలో పెద్ద ఎత్తున పరీక్షించి, ఫలితాలను 1996లో ప్రచురించినారు. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుచున్న 194 మంది స్త్రీలలో కొందరికి కలబంద గుజ్జు, మిగిలినవారికి చూచుటకు అట్లే ఉండి కలబంద లేని గుజ్జు ఇచ్చినారు. ఎవరికి ఏది అందినదో రోగులకు తెలియదు, చర్మాన్ని పరిశీలించే వైద్యులకు తెలియదు. చివరకు లెక్క చూస్తే రెండు వర్గాలకు భేదం కనిపించలేదు. బహుశా కలబంద లేని గుజ్జు కూడా మేలు చేసినదేమోనన్న సందేహంతో మరి 108 మందిని తీసుకొని, కలబంద పూసినవారిని ఏమీ పూయనివారితో పోల్చినారు. అప్పుడు కూడా భేదం లేదు. అరువది ఏండ్లుగా చెప్పుకొన్న ఒక మాట ఈ విధంగా నిలువలేకపోయినది.

ఈ పరీక్ష పద్ధతి మన ఊరివారికి క్రొత్త కాదు. కార్ఖానాకు ఎవరో క్రొత్త రకం గంజి తెచ్చి, "దీనితో పడుగు నూలు తెగదు" అని చెప్పినాడనుకోండి. అనుభవం గల యజమాని ఏమి చేస్తాడు? ఒకే నూలు, ఒకే రకం సాంచెలు తీసుకొని, సగం పడుగులకు పాత గంజి, సగం పడుగులకు క్రొత్త గంజి పట్టిస్తాడు. ఏది ఏ సాంచెపై ఉన్నదో నేతగానికి చెప్పడు. చెప్పితే క్రొత్తదానిని అతడు మరింత జాగ్రత్తగా నడుపుతాడు. వారం తరువాత తెగిన పోగులను లెక్కిస్తాడు. ఒక్క సాంచె, ఒక్క రోజు చూచి తీర్పు చెప్పడు. మందుల పరీక్షలో కూడా జరిగేది ఇదే. రోగాలలో చాలా భాగం కొంతకాలానికి వాటంతట అవే తగ్గుతాయి. మందు వేసుకొన్నామన్న ధైర్యం వలన మరికొంత ఊరట కలుగుతుంది. వీటిని తీసివేసిన తరువాత మిగిలినదే మందు చేసిన మేలు.

ఇందుకు మరొక మంచి ఉదాహరణ సోరియాసిస్ అను చర్మవ్యాధి. 1996లో పాకిస్తాన్‌లో 60 మందిపై చేసిన పరిశోధనలో కలబంద లేపనం వాడిన 30 మందిలో 25 మందికి నయమైనదని, కలబంద లేని లేపనం వాడిన 30 మందిలో ఇద్దరికి మాత్రమే నయమైనదని ప్రకటించినారు. చూచుటకు అద్భుతమైన ఫలితం. 2005లో డెన్మార్క్‌లో 41 మందిపై ఇదే ప్రశ్నను మరల పరీక్షించినారు. అక్కడ కలబంద ప్రక్క మేలు కనబడినది నూటికి 72 వంతులు, కలబంద లేని ప్రక్క 82 వంతులు. అనగా కలబందకు అదనపు గుణం కనిపించలేదు. వాడిన లేపనాలు ఒకటి కావు, రోగులు ఒకటి కారు. అందుచేత ఒకరు అబద్ధమాడినారని చెప్పలేము. ఒక్క పరిశోధనను పట్టుకొని ప్రకటన అచ్చువేయరాదని మాత్రం చెప్పగలము.

ఇక తల్లులందరికీ ముఖ్యమైన విషయానికి వస్తాను. వంటింటిలో కాలిన గాయాలు. ఇక్కడ కలబందకు కొంత మంచి సాక్ష్యం ఉన్నది. 1995లో థాయ్‌లాండ్ వైద్యులు చర్మం కొంత లోతు వరకు కాలిన 27 మందిని పరిశీలించినారు. వాసెలిన్ పూసిన గుడ్డతో కట్టిన గాయాలు సగటున 18 రోజులలో మానగా, కలబంద గుజ్జు పూసినవి 12 రోజులలో మానినవి. 2007లో థాయ్‌లాండ్ పరిశోధకులే ఇటువంటి నాలుగు పరిశోధనలను, మొత్తం 371 మంది రోగుల వివరాలను కలిపి చూచి, కలబంద వలన గాయం మానే కాలం దాదాపు 9 రోజులు తగ్గుచున్నదని లెక్కగట్టినారు. అయితే పరిశోధనలలో వాడిన పదార్థాలు, పద్ధతులు వేరువేరుగా ఉన్నందున జాగ్రత్తగా గ్రహించవలెనని వారే హెచ్చరించినారు.

కాలిన గాయానికి మేలు చేసినంత మాత్రాన కోసిన గాయానికి కూడా చేస్తుందని అనుకొనరాదు. 1991లో అమెరికాలో శస్త్రచికిత్స తరువాత కుట్ల దగ్గర చీము పట్టి, లేదా విడిపోయి, గాయం తెరుచుకొన్న 21 మంది స్త్రీలపై ఒక పరిశోధన జరిగినది. వీరిలో అనేకులు కాన్పు శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. మామూలు పద్ధతిలో కట్టుకట్టినవారికి సగటున 53 రోజులలో గాయం మానగా, కలబంద గుజ్జు పూసినవారికి 83 రోజులు పట్టినది. నెల రోజుల ఆలస్యం! పసిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లికి నెల రోజులు అనగా ఏమిటో ఈ సభలోని స్త్రీలకు నేను చెప్పనక్కరలేదు. 2012లో కోక్రేన్ అను అంతర్జాతీయ సమీక్షా బృందం ఏడు పరిశోధనలను, 347 మంది వివరాలను వడపోసి, గాయాలకు కలబందను సిఫారసు చేయుటకు చాలినంత నాణ్యమైన ఆధారం ఇంకను లేదని తేల్చినది.

ఇప్పుడు త్రాగే కలబంద సంగతి. పసుపు రసంలోని అలోయిన్ కడుపులో జీర్ణం కాకుండా పెద్దప్రేగు వరకు పోతుంది. అక్కడి సూక్ష్మజీవులు దానిని విడగొట్టి మరొక రసాయనంగా మారుస్తాయి. అది ప్రేగు గోడలను రెచ్చగొట్టి, నీటిని ఊరించి, విరేచనం చేయిస్తుంది. పెద్దలు ముసాంబరాన్ని విరేచనకారిగా వాడుటకు కారణం ఇదే. గుణం నిజమే. దానితోపాటు కడుపునొప్పి వస్తుంది. ఎక్కువ రోజులు వాడితే శరీరంలోని పొటాషియం తగ్గిపోతుంది. గుండెజబ్బుకు డిగాక్సిన్ వాడేవారికి, మూత్రం ఎక్కువగా పోవుటకు మాత్రలు తీసుకొనేవారికి ఇది అపాయకరం. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, చిన్నపిల్లలు పసుపు రసానికి పూర్తిగా దూరంగా ఉండవలెను.

అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, కలబంద విరేచన మందుల భద్రతకు ఆధారాలు చూపవలెనని తయారీదారులను కోరినది. తగిన ఆధారాలు అందలేదు. 2002లో ఆ మందులు వైద్యుని చీటీ లేకుండా అమ్మే మందుల జాబితా నుండి తొలగిపోయినవి. 2013లో ఆ దేశపు జాతీయ విషశాస్త్ర పరిశోధన కార్యక్రమం మరొక ముఖ్య ఫలితాన్ని ప్రచురించినది. తొక్కతో, పసుపు రసంతో కూడిన మొత్తం ఆకు సారాన్ని త్రాగేనీటిలో కలిపి రెండేండ్లు ఇవ్వగా, ఎలుకల పెద్దప్రేగులో క్యాన్సర్ గడ్డలు పెరిగినవి. చిట్టెలుకలలో మాత్రం ఆ విధంగా జరుగలేదు. దీనిని పరిశీలించి, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో వెలువరించిన సంపుటంలో, మొత్తం ఆకు సారాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చునన్న వర్గంలో చేర్చినది. ఆ వర్గానికి అర్థం ఒక హెచ్చరిక మాత్రమే. రసం త్రాగిన ప్రతివారికి క్యాన్సర్ వస్తుందని కాదు. గుజ్జు చర్మానికి పూసుకొనేవారికి ఈ ఫలితంతో సంబంధం లేదు. బొగ్గుపొడితో వడగట్టి అలోయిన్‌ను తొలగించిన రసం వేరు, ఇంటిలో ఆకును తొక్కతో సహా రుబ్బి త్రాగిన రసం వేరు.

చక్కెర వ్యాధి ప్రశ్నకు కూడా సమాధానం చెప్పవలెను. 2016లో ప్రచురితమైన ఒక సమీక్ష ఎనిమిది పరిశోధనలలోని 470 మంది వివరాలను పరిశీలించినది. కలబంద తీసుకొన్నవారిలో రక్తంలోని చక్కెర కొంత తగ్గిన సూచన కనిపించినది. అయితే పరిశోధనలు చిన్నవి, నాణ్యత తక్కువ. అనగా ఇది ఇంకా పరిశోధించదగిన విషయమే గాని మాత్రలు మానుటకు ఆధారం కాదు. పైగా మాత్రలు వేసుకొంటూ దీనిని కూడా త్రాగితే చక్కెర హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఉన్నది. కలబంద మందులు త్రాగినవారిలో కాలేయానికి వాపు వచ్చిన సందర్భాలు కూడా వైద్య పత్రికలకు ఎక్కినవి. అందుచేత ఏ రసం త్రాగుచున్నారో మీ డాక్టరుగారికి తప్పక చెప్పండి. "ఇది మందు కాదు, ఆకు రసమే కదా" అని దాచవద్దు. క్యాన్సర్ నయమగునన్న మాటకు మానవులలో నమ్మదగిన నిరూపణ లేదు. ఆ మాట నమ్మి ఆసుపత్రికి పోవుట ఆలస్యం చేసినచో కోల్పోయేది ప్రాణం.

అయితే కలబంద వలన మనకు మిగిలిన ప్రయోజనం ఏమిటి? చిన్న ప్రయోజనమే అయినా నమ్మదగినది. పొయ్యి దగ్గర చేయి కొద్దిగా కాలినా, వేడి నీరు కొద్దిగా చిందినా మొదట చేయవలసినది కలబంద కోసం పరుగెత్తుట కాదు. కాలినచోట కుళాయి నీటిని ఇరువది నిమిషాల పాటు ధారగా పోయవలెను. మంచుగడ్డ పెట్టరాదు. సిరా, పళ్ళపొడి, పేస్టు, నూనె పూయరాదు. చల్లబడిన తరువాత చర్మం ఎర్రబడి మాత్రమే ఉంటే శుభ్రమైన కలబంద గుజ్జు పూయవచ్చును. ఆకును కడిగి, కోసి, పసుపు రసం పూర్తిగా కారిపోయే వరకు నిలబెట్టి, తొక్క తీసి, గుజ్జును మరల కడిగి వాడవలెను. కొందరికి కలబంద పడదు గనుక ముందుగా మోచేతి లోపలి ప్రక్క కొద్దిగా రాసి చూడవలెను. బొబ్బలు లేచినా, చర్మం తెల్లబడినా, నల్లబడినా, కాలినచోటు ఆ బిడ్డ అరచేతి కంటె పెద్దదైనా, ముఖం, చేతులు, కీళ్ళు, మర్మస్థానాలు కాలినా, ఏ పూతా పూయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఈ ఒక్క పేరానైనా మీరు ఇంటిలో గోడకు అంటించుకొంటే నా ప్రసంగం సఫలమైనట్లే.

కలబందపై పరిశోధన ముగియలేదు. 2021లో భోపాల్‌లోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధనా సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు ఈ మొక్క జన్యుపటాన్ని ప్రపంచంలో మొట్టమొదటగా వెలువరించినారు. అందులో 86,177 జన్యువులను గుర్తించినారు. కరువును తట్టుకొనే గుణానికి కారణమైన జన్యువులు ఇందులో ఎట్లు మార్పు చెందినవో వారు వివరించినారు. గుమ్మానికి తలక్రిందులుగా వ్రేలాడుతూ పచ్చగా ఉండే మొక్క రహస్యం మన దేశపు ప్రయోగశాలలోనే ఈ విధంగా విప్పబడుచున్నది. గుజ్జులోని ఏ పదార్థం ఎంత మోతాదులో గాయాన్ని మాన్పుతుంది, ఆకు కోసిన తరువాత అది ఎంతకాలం చెడకుండా ఉంటుంది అను ప్రశ్నలకు ఇంకను పూర్తి సమాధానాలు లేవు. వాటిని వెదికేవారు మన పిల్లలలో ఎందుకు ఉండరాదు?

తల్లిదండ్రులలో కొందరికి ఒక బెంగ ఉన్నదని నాకు తెలుసు. మరాఠీ గడ్డపై, ఇంగ్లీషు కాలంలో, తెలుగులో విజ్ఞానశాస్త్రం చదివిన బిడ్డకు ఏమి భవిష్యత్తు అని. నేను దానిని తేలికగా తీసుకొనను. ప్రతి ఏటా ప్రవేశాల రిజిస్టరు తెరిచినప్పుడు ఆ బెంగ నాకు కూడా కనబడుతుంది. పిల్లలు ఇంగ్లీషు, మరాఠీ, హిందీ బాగుగా నేర్చుకొనవలసినదే. అందుకు ఉపాధ్యాయులం శ్రమిస్తున్నాము. అయితే ఇంతసేపు మనం ఒక వైద్య విషయాన్ని, పరీక్షల లెక్కలతో సహా, తెలుగులోనే మాట్లాడుకొన్నాము. బీడీలు చుట్టే అమ్మకు, సాంచె నడిపే నాన్నకు, డాక్టరు చదువు చదివిన పూర్వ విద్యార్థికి ఒకేసారి అర్థమైనది. ఇంటిలో ఎవరు ఏ మందు త్రాగవలెనో నిర్ణయించేది అమ్మమ్మలు, అమ్మలు. వారు మాట్లాడుకొనే భాషలో శాస్త్రం చేరకపోతే ఆ చోటును ప్రకటనలు ఆక్రమిస్తాయి. బడిలో నేర్చిన దానిని ఇంటికి వెళ్ళి అమ్మమ్మకు ఆమె మాటలలో చెప్పగలిగిన బిడ్డ ఆ ఇంటికే ఒక రక్ష.

మన పెద్దల వైద్యాన్ని ఎగతాళి చేయవలసిన పని లేదు. కాలినచోట కలబంద గుజ్జు పెట్టవచ్చునని వారు గ్రహించినారు. దానిలో కొంత నిజమున్నదని పరీక్షలు చెప్పినవి. ముసాంబరం విరేచనం చేయిస్తుందని వారికి తెలుసు. అది ఏ విధంగా చేయిస్తుందో, ఎక్కడ ఆపవలెనో నేడు మనకు తెలిసినది. వారు గమనించినదానిని మనం పరీక్షించి, నిలిచినదానిని ఉంచుకొని, నిలువనిదానిని గౌరవంగా ప్రక్కకు పెట్టుదాము. మా పిల్లలకు నేను ప్రతి సంవత్సరం చెప్పే మాట ఒక్కటే. ఎవరైనా "ఇది మంచిది" అని చెప్పితే మూడు ప్రశ్నలు అడగండి: ఎంతమందిపై చూచినారు? దేనితో పోల్చినారు? మరొకరు చేస్తే అదే ఫలితం వచ్చినదా?

పాఠశాల తోటలో ఈ జూబిలీ గుర్తుగా పిల్లలు నాటిన కలబంద మొక్కలు వరుసగా ఉన్నవి. భోజనానంతరం తప్పక చూడండి. ప్రతి మొక్క ప్రక్కన దాని పేరు నాలుగు భాషలలో వ్రాసిన పలక ఉన్నది. అక్కడ నిలబడిన తొమ్మిదవ తరగతి పిల్లలు ఆకును కోసి రెండు రసాలను వేరుచేసి చూపుతారు. వారిని ప్రశ్నించండి. వారు మీకు తెలుగులోనే సమాధానం చెప్పుతారు.